జీపు అడుగున కారిపోయిన నీళ్లు

ఇది రాస్తున్న బల్ల మీద, కళ్లజోడు డబ్బా పక్కన, అరచేతిలో పట్టేంత నల్ల ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉంది. మా అల్లుడి పికప్ బండిలో వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందాలా వద్దా అని తేల్చేది మొన్నమొన్నటిదాకా ఈ పెట్టే. దీన్ని మాడ్యూల్ అంటారు. ఇది పాడైతే నంద్యాలలో కొత్తది వేయించి, పాతదాన్ని నేనే అడిగి తెచ్చుకున్నాను. ఇంట్లో వాళ్లు చెత్తలో వేయమంటున్నారు. దీన్ని చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఆ కోపం వెనకే వయసులో నేను తోలిన జీపు గుర్తుకొస్తుంది, అందుకే పారేయబుద్ధి కావడం లేదు.

ఆ జీపు మా మామగారిది. ఆళ్లగడ్డలో ఆయనకు రాతి విగ్రహాలు చెక్కే పనిశాల ఉండేది. పెళ్లయిన కొత్తలో ఆయన నా చేతికి ఉలి ఇచ్చి చూశారు గానీ అది నాకు పట్టుబడలేదు, దాంతో జీపు తాళం ఇచ్చారు, అప్పటినుంచి నల్లమల అంచున ఉన్న ఊళ్లకు విగ్రహాలు చేర్చే పని నాదైంది. ఆ దారులు ఎలా ఉండేవో నా వయసు వాళ్లకు చెప్పనక్కర్లేదు. వానపడితే నల్లరేగడి మన్ను చక్రాలకు చుట్టుకుని బండిని కదలనిచ్చేది కాదు, వాగు దగ్గర ఇసుకలో చక్రాలు ఉన్నచోటే తిరిగేవి. అలాంటి చోట కిందికి దిగి, ఒక్కో ముందు చక్రం నడిమధ్యనున్న మూతను చేత్తో తిప్పి, మళ్లీ ఎక్కి, గేరు రాడ్డు పక్కనున్న చిన్న రాడ్డును బలంగా లాగితే, కింద ఎక్కడో ఇనుము ఇనుములో కూర్చున్న చప్పుడు అరికాళ్లకు తగిలేది. అది తగిలిందంటే ముందు చక్రాలకూ బలం అందినట్టే, ఇక అనుమానం ఉండేది కాదు.

ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో నాకు చెప్పిన గురువు లేడు. నా బడి చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. విగ్రహానికి మెరుగు పెట్టేదాకా బండికి పని ఉండదు కాబట్టి ఆ మధ్యాహ్నాలన్నీ ఆళ్లగడ్డ గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. అట్ట ఊడిపోయిన మోటారు పుస్తకం ఒకటి, తెలుగులోనే ఉన్నది, అక్కడ దొరికింది. గ్రంథపాలకుడు నా వేళ్లకున్న గ్రీజు చూసి చేతులు కడుక్కుని రమ్మని బయటికి పంపేవాడు, నేను సబ్బు అరువు తెచ్చుకుని మరీ కడుక్కుని వచ్చేవాణ్ణి, అయినా ఆ పుస్తకంలో కొన్ని పుటల మీద నా బొటనవేలు ముద్ర పడకుండా పోలేదు. నంద్యాలకు సామాను కోసం పోయినా సరే, బస్సు తర్వాత బస్సు వదిలేసి అక్కడి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. పాడైన భాగాన్ని మార్చేముందు అది ఎందుకు పాడైందో కనుక్కోవాలని ఆ చదువే నాకు నేర్పింది. ఇంతకాలానికి ఆ మాట చెబితే వినేవాడు దొరకలేదు.

మా మామగారి ఇంట్లో ఒక ఆచారం ఉంది. విగ్రహం పనిశాల దాటే రోజున అక్కడి బావి నీళ్లు కలశంలో పోసి, పసుపు కలిపి, మామిడాకులు, టెంకాయ పెట్టి బండిలో ముందువైపు ఉంచుతారు. ఊళ్లో విగ్రహానికి తొలి స్నానం ఆ నీళ్లతోనే. కలశం ముందు పోవాలి, విగ్రహం వెనక రావాలి, ఒకసారి బయల్దేరాక వెనక్కి తిరగకూడదు. జీపులో డ్రైవరు పక్క సీటు ముందు, కాళ్ల దగ్గర, గుడ్డ పరిచి బియ్యం పోసి కలశం పెట్టేవాళ్లం. గుంటలో పడ్డప్పుడల్లా నీళ్లు తొణికేవి. తొణికితే ఏమయ్యేది? జీపు అడుగు రేకుకు బొక్కలుండేవి, నీళ్లు వాటిలోంచి దారి మీదికి కారిపోయేవి. దారికి కూడా పసుపునీళ్లు చల్లుకుంటూ పోతున్నామని మా మామగారు మురిసిపోయేవారు.

ఆయన పోయారు, జీపు పాత ఇనుముకు పోయింది. ఇప్పుడు పనిశాల మా బావమరిదిది, బండి మా అల్లుడిది. ఈ బండిలో చిన్న రాడ్డు లేదు, స్టీరింగు పక్కన డ్యాష్‌బోర్డు మీద ఒక గుండ్రటి గుబ్బ ఉంది, దాన్ని తిప్పితే పెట్టె విని, కింద మోటారుకు చెప్పి, ఆ మోటారు గేర్లను కలపాలి. మొన్న వానల్లో ఒక విగ్రహాన్ని దించి వస్తుంటే ఆ గుబ్బ పక్కనున్న దీపం ఆరుతూ వెలుగుతూ కొట్టుకోవడం మొదలై మరి ఆగలేదు, ముందు చక్రాలు పని మానేశాయి. సరిగ్గా అప్పుడే కొండ కింద ఒక ఊరికి అమ్మవారిని పంపాల్సి ఉంది. ముహూర్తం పెట్టేశారు. మా బావమరిది నెలల తరబడి చెక్కిన విగ్రహం అది, నాలుగు చేతులూ వెనక రాయి ఆసరా లేకుండా విడిగా తీసినవి. ట్రాక్టరు ట్రాలీలో వేస్తే ఆ కుదుపులకు ఒక వేలు విరిగినా చాలు, భిన్నమైన విగ్రహాన్ని ఎవరూ ప్రతిష్ఠించరు. వాగు దాటాలంటే ఈ పికప్పే దాటాలి.

నంద్యాలలో కంప్యూటరు తగిలించి చూసి పెట్టె పోయిందన్నారు. ఎందుకు పోయిందప్పా అని అడిగాను. షెడ్డు మేస్త్రి తల ఎత్తకుండానే, "పోయిందంటే పోయింది పెద్దాయనా. మనుషులు పోతాండ్లేదా, అట్లే" అన్నాడు. ఆ పెట్టె ఉండేది ఎడమవైపు, డ్రైవరు పక్క సీటు కాళ్ల దగ్గర, పక్క రేకుకు అంటిన మూత వెనక. ఒకసారి మూత తీసి చూపించమంటే నన్ను పోయి నీడలో కూర్చోమన్నారు. కొత్త పెట్టె వస్తుందని ఎదురుచూశాం, వచ్చింది, బిగించారు, దీపం అట్లాగే కొట్టుకుంది. కొత్తదానికి ఈ బండి నంబరు నేర్పించాలట, నేర్పే మనిషి కర్నూలు నుంచి రావాలట. రాడ్డు లాగితే పడే పనికి పెట్టెకు పాఠం చెప్పించడమేమిటని నాలో నేను గొణుక్కుంటూ, ఆళ్లగడ్డ బస్సెక్కి వెళ్లడం, మళ్లీ రావడం. ఊరి పెద్దలు మా బావమరిదికి ఫోను మీద ఫోను, ఆయన నాకు ఫోను మీద ఫోను. ముహూర్తం రేపనగా ఆ మనిషి వచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి, టీ చల్లారేలోగా పని ముగించి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి పాత పెట్టె తెరిచాను. వైరు దూర్చే చోట ఇత్తడి పుల్లలన్నీ చిలుముపట్టి ఆకుపచ్చగా ఉన్నాయి. లోపల ఒక మూల ఎండిన పసుపు చార, దాని చివర అతుక్కున్న బియ్యపు గింజ. పెట్టె ఎందుకు పోయిందో తేలిపోయింది, నాకు మరి చదవాల్సిన పుస్తకం ఏదీ మిగల్లేదు.

తెల్లవారి విగ్రహాన్ని గడ్డి మీద పడుకోబెట్టి కట్టారు. కలశం ఎప్పటిలాగే ముందు సీటు కాళ్ల దగ్గరికి వచ్చింది. నేను పెట్టె పట్టుకెళ్లి మా బావమరిదికి ఆ గింజ చూపించి, కలశాన్ని బండి వెనక భాగంలో, అమ్మవారి పక్కన పెడదామన్నాను. ఆయన గింజ వంక చూశాడు గానీ మనసులోకి తీసుకోలేదు.

"నీళ్లు ముందర పోవల్ల బావా. నాయన కాలం నుంచీ అంతే. నువ్వే గదా తోలింది?"

"ఆ జీపుకు కింద బొక్కలుండె. దీనికి యాడున్నాయి?"

"లేకుంటే ఒకటి పొడిపిద్దాం పా. దానికెందుకు ఇంత రంపు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కలశానికి ప్లాస్టిక్ కవరు చుడదామంటే కూరగాయలకు చుట్టినట్టా అని ఇంకా నవ్వారు. ఇదివరకే పోయిన పెట్టెను చేతిలో పెట్టుకుని, అది ఎందుకు పోయిందో కళ్లకు చూపిస్తున్నా, కొత్తది కూడా అదే దారిన పోవడానికి అందరూ కలిసి సాగనంపుతున్నట్టు అనిపించింది నాకు. చివరికి అల్లుడు దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, "మామా, నువ్వెక్కి ఒళ్లో పెట్టుకో. బేగా పోదాం" అన్నాడు.

వాగు దగ్గర అల్లుడు గుబ్బ తిప్పాడు. దీపం కొట్టుకుంది. అరికాళ్లకు ఏ చప్పుడూ తగల్లేదు. కొంతసేపటికి దీపం నిలకడగా వెలిగింది. పడిందా అని అడిగాను. "పడినట్టే ఉండాది మామా" అన్నాడు. ఆ 'ఉండాది' మీద నమ్మకం పెట్టుకుని ఇసుకలోకి దిగాం. కలశం ఊగింది, నేను దాన్ని గుండెకు ఆనించుకుని తొణికిన నీళ్లన్నీ నా చొక్కా మీదికే ఒంపుకున్నాను. బండి అటు గట్టెక్కింది. ఊళ్లో గడ్డి తీసి మా బావమరిది అమ్మవారి వేళ్లు ఒక్కొక్కటే తడిమి చూసుకుని, అన్నీ ఉన్నాయని తెలిశాక గానీ మంచినీళ్లు తాగలేదు. నా తడి చొక్కా చూసి పొడిబట్ట ఒకటి తెప్పించి ఇచ్చాడు.

ఇక మీదట విగ్రహం కదిలినప్పుడల్లా కలశం నా ఒళ్లోనే అని తీర్మానమైపోయింది. వయసులో అదే దారిన పోతూ నేను కొండను చూసేవాణ్ణి, మబ్బు ఎక్కడ పట్టిందో, వాగు ఎటు తిరిగిందో చూసేవాణ్ణి. కాళ్ల దగ్గర కలశం తొణుకుతూనే ఉండేది, దాని సంగతి జీపు చూసుకునేది. ఈసారి దారి పొడవునా కొండ ఎటువైపు ఉందో కూడా నాకు తెలియదు. కలశం అంచు మీదినుంచి చూపు తిప్పితే ఒట్టు.