బడీ మేడం జీపు అద్దం

ఈ శ్రావణం రెండో శనివారం, ఉదయం ఆరూ ఇరవైకి, దోర్నపాల్ బజారు దాటగానే మా కారు ముందద్దం తెల్లబడిపోయింది. కారు మా తమ్ముడి కూతురు స్వప్నది. నన్ను జగ్దల్‌పూర్‌లో మోకాళ్ళ డాక్టరుకు చూపించడానికి తీసుకెళుతోంది. రాత్రంతా వాన పడి అప్పుడే తెరిపిచ్చింది. స్వప్న ఏసీ బాగా పెంచడంతో నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అద్దం తెల్లబడేసరికి ఆ పిల్ల కంగారుపడి వానకు తడిసిన చున్నీ చివరతో లోపలినుంచి తుడిచింది. పోలేదు. ఇంకా గట్టిగా తుడిచింది. తడి బట్ట వాసన ముక్కుకు కొట్టింది.

“ఆపు తల్లీ,” అన్నాను. “అది లోపలిది కాదు, బయటిది. వైపర్ వేయి. ఏసీ తగ్గించి, గాలి అద్దానికి తగలకుండా తిప్పు.”

వైపర్ రెండుసార్లు తిరిగేసరికి రోడ్డు కనబడింది. స్వప్న నా వైపు చూసి నవ్వింది. “నీకు సైకిల్ తొక్కడం కూడా రాదు కదత్తా! ఇదెవరు నేర్పారు?”

“మా బడీ మేడం.”

“ఆవిడ స్కూల్లో లెక్కలు చెప్పేదా, డ్రైవింగ్ చెప్పేదా?”

“లెక్కలు చెప్పింది నేను. నాకు పని చెప్పింది ఆవిడ,” అన్నాను. ఆ తడి బట్ట వాసన నన్ను మరో వాన పొద్దుకు తీసుకుపోయింది.

ఆవిడ అసలు పేరు సుభద్ర. ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు పెద్ద మేడం కాబట్టి పిల్లలు, వంటవాళ్ళు, బజారులో కిరాణా సేఠు, అందరూ బడీ మేడం అనే పిలిచేవారు. బైలదిల్లా గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగిన మనిషి. తల్లిదండ్రులు ఆంధ్రా నుంచి పనికి వచ్చినవాళ్ళు. ఆవిడ తెలుగులో ఆంధ్రా మర్యాద ఉండేది. కోపం వస్తే మాత్రం హిందీలోకి దిగేది. పొట్టి మనిషి. జీపు సీటు మీద మడత పెట్టిన దుప్పటి వేసుకుంటేగాని బానెట్ అవతల ఏముందో కనిపించేది కాదు. డ్రైవరు ఉద్యోగం ఖాళీగా ఉండిపోతే ఎవరినీ అడగకుండా తాళాలు తనే తీసుకుంది. నేను లెక్కల టీచరుగా చేరేనాటికే ఆ జీపు ఆవిడ చేతిలో ఉంది.

చేరిన మొదటి వానాకాలంలోనే, బియ్యం కోసం ఇద్దరం కోంటా వెళ్ళాం. వెనక వంటమనుషులిద్దరు, తడిసిన గొడుగులు. మైలు దాటకముందే అద్దాలు మసకబారాయి. నేను సాయం చేద్దామని చెయ్యి చాపాను. ఆవిడ స్టీరింగ్ వదలకుండానే నా మణికట్టు మీద ఒక్కటి వేసింది.

“చేత్తో తుడవకు లెక్కలమ్మా. ముందు వేలితో ఒక గీత గీసి చూడు. గీత పడితే అది మనది. పడకపోతే బయటిది.”

గీత పడింది.

“మనది అంటే ఏమిటి మేడం?”

“మన ఊపిరి, మన తడి బట్టలు, ఆ వెనక గొడుగులు. లోపల ఊరిన నీళ్ళు ఎటు పోతాయి? చల్లటి అద్దం దొరికింది, అక్కడ కూర్చున్నాయి. నీ వైపు కిటికీ నాలుగు వేళ్ళు దించు. నా వైపు నేను దించుతా. గాలికి ఇటునుంచి అటు దారి ఉండాలి.”

“వాన పడుతోంది మేడం.”

“భుజం తడిస్తే ఆరుతుంది.”

నా భుజం తడిసింది. అద్దం తేటపడింది. ఈ ముక్కను ఆవిడ పెద్ద జీవితసత్యంలా ఎప్పుడూ వాడలేదు. ప్రార్థన సమయంలో ఉపన్యాసంగా చెప్పలేదు. ఆవిడకు అద్దం అంటే అద్దమే. నాకు ఆవిడలో నచ్చింది అదే.

మా దారిలో దీనికి ఇంకో అవసరం కూడా ఉంది. జవాన్ల క్యాంపు గేటు వస్తుందంటే బండి నెమ్మది చేయాలి, అద్దాలు దించాలి, లోపలివాళ్ళ ముఖాలు బయటికి కనబడాలి. ఆవిరి పట్టిన అద్దాలతో గేటు దాకా వెళ్ళడం ఎవరికీ మంచిది కాదు. తుపాకీ పట్టిన కాపలా కుర్రాడికీ భయమే, మనకూ భయమే. ఒకసారి వెనక సీట్లో పిల్లలు కిక్కిరిసి ఉండగా, రెయిన్‌కోటు వేసుకున్న జవాను వంగి చూసి, “అందర్ కౌన్ హై?” అని, లోపల ఎవరని అడిగాడు. బడీ మేడం అప్పటికే నాలుగు అద్దాలూ దించేసింది. “నా కూతుళ్ళు,” అంది హిందీలోనే. “ఇంతమందా?” అని ఆ కుర్రాడు నోరు తెరిచాడు. “మిగతావాళ్ళు హాస్టల్లో ఉన్నారు,” అంది. జవాను నవ్వుతూ గేటు ఎత్తాడు.

ఇక ఆ వాన పొద్దు సంగతి. పదో తరగతి లెక్కల్లో తప్పిన నలుగురు పిల్లలకు సుక్మాలో పూరక్ పరీక్ష, అంటే తప్పినవాళ్ళకు మళ్ళీ పెట్టేది. తొమ్మిదికి మొదలు, తొమ్మిదింబావుకు గేటు మూస్తారు. ఆ నలుగురిలో ముగ్గురికి మరో అవకాశం దొరికేది. గొల్లపల్లి పిల్ల నాగికి దొరకదు. ఈసారి తప్పితే బడి మాన్పించి మిరప తోటలకు, కాయలు ఏరే కూలికి తీసుకుపోతానని వాళ్ళ నాన్న ముందే చెప్పి ఉన్నాడు. మాట మీద నిలబడే మనిషి. అందుకే నాగి వాళ్ళమ్మ లచ్చమ్మ ముందురోజే వచ్చి హాస్టల్లో పడుకుంది. కూతురు పరీక్ష గదిలోకి వెళ్ళడం తన కళ్ళతో చూడాలట.

బయలుదేరేటప్పటికే వాన. జీపు ఎక్కేలోపు పిల్లలందరూ తడిసిపోయారు. లచ్చమ్మ నా పక్కన, ముందు సీట్లో ఇరుక్కుని కూర్చుంది. కాళ్ళకు, జుట్టుకు ఇప్పనూనె దట్టంగా పట్టించుకుంది. ముసుర్లో ఒళ్ళు పగలకుండా ఈ వైపు ఆడవాళ్ళు అందరూ రాసుకుంటారు. జీపు అంతా ఆ వాసనే.

ఎర్రబోరు దాటి కాస్త దూరం వచ్చాక వాన వడి పెరిగింది. పుస్తకాలు తడుస్తాయని వెనక పిల్లలు కిటికీలు పైకి లాగేశారు. నిమిషంలో అద్దం పాలిపోయింది. బడీ మేడం “కిటికీలు, కిటికీలు!” అని వెనక్కి అరిచేలోపే లచ్చమ్మ భుజం మీది తువాల తీసి, ముందుకు వంగి, అద్దం ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క ఊపున తుడిచేసింది.

“ఇగ జూడు మేడం, మంచిగ కనబడ్తది,” అంది సంతోషంగా.

అది జుట్టు తుడుచుకున్న తువాల. ఇప్పనూనె అద్దం నిండా పరుచుకుంది. ఎదురుగా వస్తున్న లారీ దీపం ఆ జిడ్డు మీద పగిలి అద్దమంతా పసుపురంగు అయిపోయింది. రోడ్డు లేదు, చెట్లు లేవు. బడీ మేడం బ్రేకు నొక్కి, ఎడమ పక్క మట్టిలోకి దించి ఇంజను ఆపేసింది.

“మేడం, టైము!” అన్నాను.

“తెలుసు.”

“కిటికీలోంచి తల బయట పెట్టి నడపొచ్చు కదా? నేను ఇటు వైపు చూసి చెబుతా.”

“ఈ వానలో నీ తల బయట, నా తల బయట, లోపల అయిదుగురు. కనబడని రోడ్డు మీద నేను చక్రం తిప్పను.”

లచ్చమ్మకు అప్పటికి సంగతి అర్థమైంది. “అయ్యో, నేనేంది ఇట్ల జేసిన! నడువు మేడం, నీ కాల్మొక్త. గేటు ఏస్తరట. మా ఆయన ఊకోడు, పిల్లను తోలుకపోతడు,” అని ఏడుపందుకుంది. వెనక నాగి స్కేలును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

కొంచెం ముందర ఒక టీ గుడిసె ఉంది. బడీ మేడం వానలో నడుచుకుంటూ వెళ్ళి పొయ్యిలోని బూడిద చిప్పతో తెచ్చింది. “లెక్కలమ్మా, వేళ్ళతో నలిపి రాళ్ళు ఏరేయి. రాయి ఉంటే అద్దం గీసుకుపోతుంది,” అంది. నేను ఏరాను. ఆవిడ ఆ తువాలనే సగానికి చింపి తడి బూడిదతో ఒకసారి, నీళ్ళతో ఒకసారి, మళ్ళీ బూడిదతో తోమింది. గిన్నె తోమినంత ఓపికగా తోముతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి పొడి కాగితంతో తుడిచి, ముక్కు ఆనించి, పక్కనుంచి వాలుగా చూసి, ఒక మూల జిడ్డు మిగిలిందని మళ్ళీ మొదలుపెట్టింది. లచ్చమ్మ వానలో నిలబడి అలాగే చూస్తోంది. తర్వాత బడీ మేడం గొడుగులు, చెప్పులు తీయించి పైన క్యారియర్‌కు కట్టించింది. పుస్తకాలను పాలిథిన్ సంచిలో చుట్టించింది. రెండు వైపులా కిటికీలు నాలుగేసి వేళ్ళు దించి అప్పుడు బయలుదేరింది.

సుక్మా చేరేటప్పటికి గేటు మూయడానికి బంట్రోతు గొలుసు చేతిలో పట్టుకున్నాడు. బడీ మేడం హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. పిల్లలు చెప్పుల్లేకుండా పరుగెత్తారు.

పరీక్ష అయ్యేవరకూ మేము బయట జీపులోనే కూర్చున్నాం. నా కోపం ఇంకా తగ్గలేదు. “దారంతా ఖాళీగా ఉంది మేడం,” అన్నాను. “అక్కడినుంచి ఇక్కడిదాకా ఒక్క ఆవు కూడా అడ్డం రాలేదు.”

ఆవిడ జాకెట్టు చేతులు పిండుకుంటోంది. తల ఎత్తకుండానే అంది: “ఖాళీగా ఉందని నీకు తెలిసింది, తోమిన అద్దంలోంచి చూశావు కాబట్టి.”



ముగ్గురు పాసయ్యారు. నాగి రెండు మార్కుల తేడాతో తప్పింది. కాగితం ఎలా రాసిందో నాకు చెప్పింది. చివరి లెక్క వడ్డీది, నాలుగు మార్కులు. సూత్రం రాసి, అంకెలు వేస్తుండగా గంట కొట్టారట. ఆ లెక్క ఆ పిల్లకు వచ్చు. నా ముందర ఎన్నోసార్లు చేసింది. దారిలో పోయిన సమయం చేతికి దొరికి ఉంటే పాసయ్యేది. ఈ మాట నేను బడీ మేడంతో అన్నాను. ఆవిడ కాదనలేదు. “పద, గొల్లపల్లి వెళదాం,” అంది.

వాకిట్లో నాగి వాళ్ళ నాన్న తడి వాసాలు పేర్చుతున్నాడు. కుర్చీ వేశాడు, నీళ్ళు ఇచ్చాడు. మర్యాదకు లోటు లేదు. కానీ మాట మాత్రం కదలలేదు.

“జెప్పిన గద మేడం. తప్పితే తోలుకపోత అన్న. తప్పింది.”

లచ్చమ్మ గుమ్మంలోంచి అంది: “తప్పు పిల్లది గాదు, నాది. ఆ తువాల నాది.”

బడీ మేడం గ్లాసు కింద పెట్టింది. “తువాలది ఏం తప్పు? అద్దం ముట్టుకోవద్దని బండి ఎక్కేటప్పుడు నేను చెప్పాలి, చెప్పలేదు. బండి ఆపింది కూడా నేనే. మళ్ళీ అలాంటి రోజు వస్తే మళ్ళీ ఆపుతాను. కాబట్టి ఈ పోయే ఏడాదిని నీ కూతురి లెక్కలో వేయకు, నా లెక్కలో వేయి. తప్పినవాళ్ళను హాస్టల్లో ఉంచనివ్వరు. నా క్వార్టర్‌లో ఉంటుంది. ఈ లెక్కలమ్మ రోజూ చెబుతుంది.”

నన్ను ఎవరూ అడగలేదు. నేను తల ఊపాను.

ఆయన చేతిలోని వాసాన్ని మిగతావాటి మీద పెట్టాడు. తర్వాత, “మీ ఇంట్ల ఉంటే కూడేంది పెడ్తరు?” అన్నాడు.

“నేను తినేదే.”

“మీరు గోధుమ రొట్టెలు తింటరంట. మా పిల్ల అన్నం లేకుంటే ఉండలేదు.”

“అన్నం వండుతాను,” అంది బడీ మేడం. అప్పటికి లచ్చమ్మ నవ్వింది. నాగి లోపల సంచి సర్దుకోవడం నాకు వినబడింది.

మరుసటి ఏడు నాగి పాసయింది. ఇప్పుడు బీజాపూర్‌లో ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తోంది. బడీ మేడం రిటైరయ్యాక జగ్దల్‌పూర్‌లో ఉండి, రెండేళ్ళ క్రితం పోయింది. ఆవిడ కుర్చీలో తర్వాత నేను కూర్చున్నాను. జీపు తాళాలు మాత్రం నేను ముట్టుకోలేదు, డ్రైవరును వేయించుకున్నాను. కానీ బండి ఎక్కే ప్రతి మనిషికీ, పిల్లైనా పెద్దాఫీసరైనా, అద్దం ముట్టుకోవద్దని కదలకముందే చెప్పేదాన్ని. కొందరు నవ్వేవారు. చెప్పాల్సింది ముందే చెప్పాను కాబట్టి తర్వాత ఎవరినీ తిట్టే అవసరం నాకు రాలేదు. ఎవరి మీదైనా నిర్ణయం రాయాల్సి వచ్చి, సంగతి సరిగా కనబడకపోతే, ఎవరు తొందరపెట్టినా కాగితం పక్కన పెట్టేదాన్ని. దానివల్ల ఆలస్యమైన పనులు ఉన్నాయి. వాటికి నేను ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఆవిడా చెప్పేది కాదు. నష్టం ఎంతో చూసి తన పేరున రాసుకునేది.

ఆ వాన పొద్దున పోయినవి ఇవి: పరీక్షలో పావుగంట. లచ్చమ్మ తువాల ఒకటి. క్యారియర్ మీద సరిగా కట్టక జారిపోయిన చెప్పుల జత ఒకటి. నాగికి రెండు మార్కులు, ఒక ఏడాది. పోయిన మనుషులు ఎవరూ లేరు.