తువ్వాళ్ల వెనక మిక్సర్

నవంబరులో గురువారం నాడొచ్చే థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు ఫిలడెల్ఫియా దుకాణాల మీద జనం విరగబడతారు. ఆ రోజు సెలవు దొరక్క ఒళ్లు మండిన ట్రాఫిక్ పోలీసులే దానికి బ్లాక్ ఫ్రైడే అని పేరు పెట్టారని, తనూ ట్రాఫిక్ పోలీసైన వెర్నా తండ్రి చెప్పేవాడు. "ఆ రోజు సొంతవాళ్లని కూడా నమ్మకే తల్లీ" అనేవాడు. వెర్నా ఆ మాట మరిచిపోలేదు.

ఈసారి ఆమె పిండి కలిపే మిక్సర్ పాడైంది, క్రిస్మస్ ముంచుకొస్తోంది. శుక్రవారం సగం ధరకిస్తారని తెలిసి, బుధవారమే దుకాణానికెళ్లి, ఇంకెవరికీ దొరక్కుండా ఒక మిక్సర్‌ను అక్కడే తువ్వాళ్ల దొంతర వెనక దాచేసింది.

గురువారం పండగనాటి టర్కీ కోడి విందుకు ఆడపడుచు బెర్నడెట్ వచ్చింది.

"ఏంటే బెర్నీ, పట్టు గౌను కింద పరుగు బూట్లా?"

"కాళ్లు లాగుతున్నాయి వదినా. రేపు ఇల్లు కదలను."

"నేనూ అంతే! ఆ తోపులాటలో ఎవడు చస్తాడు!"

తెల్లారి తలుపులు తీయగానే జనమంతా మిక్సర్ల వైపు పరుగెత్తితే, వెర్నా తువ్వాళ్ల వైపు పరుగెత్తింది. అప్పటికే బెర్నడెట్ ఆ దొంతరలో భుజం దాకా చెయ్యి దూర్చి ఉంది.

"నువ్విక్కడేంటే?"

"తువ్వాళ్లకొచ్చా. నువ్వో?"

"నేనూ తువ్వాళ్లకే."

ఇద్దరూ ఎంత తడిమినా ఏమీ తగల్లేదు. అది చూసి దుకాణం పిల్ల నవ్వింది. "ఎవరో ఇక్కడ రెండు మిక్సర్లు దాచారు మేడమ్. పొద్దున సర్దుతూ తీసి వాటి చోట పెట్టేశాను."

ఇద్దరూ అటు తిరిగి చూశారు. మిక్సర్ల అర ఖాళీ.

"ఎవరో సిగ్గులేనివాళ్లు!" అంది వెర్నా.

"అవును వదినా!" అంది బెర్నడెట్.

చెరో అరడజను తువ్వాళ్లు కొనుక్కుని, ఒకరి సంచిలోకి ఒకరు తొంగిచూసుకుంటూ ఇంటిదారి పట్టారు.