పథ్యం విడమనేవాడు పోయాడు

ఆ రోజు కోటబొమ్మాళి సంతలో చేపలు అమ్ముకుని, నేనూ, నాతోపాటు చేపలమ్మే ఎర్రమ్మప్పా ఆటో దిగి సరుగుడు తోట పక్కగా ఊళ్ళోకి నడుస్తున్నాము. పొద్దు అప్పుడే కుంగింది. అప్ప ఏదో చెబుతూ నవ్వుతోంది. మాట మధ్యలో మనిషి లేకుండా పోయింది. మాట మాత్రం నా భుజం పక్కనుంచే వస్తోంది. చెట్లు లేవు, దారి లేదు. దూరంగా ఎవరింట్లోనో దీపం ఒక్కటి ఉంది.

"అప్పా, ఏటైపోనావు?" అన్నాను.

"నీ పక్కనే ఉన్నాను కదే. సేపల్తోపాటు కళ్ళు కూడా అమ్మీసినావేటి?" అంది.

చెయ్యి చాపితే ఆమె మోచెయ్యి చల్లగా తగిలింది. దాన్ని పట్టుకునే ఇల్లు చేరాను.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతున్నాను, కోడలు గౌరి రాస్తోంది.

అంతకు ఏడాదిన్నర ముందు నాకు పచ్చకామెర్లు వచ్చాయి. శ్రీకాకుళంలో పరీక్షలు చేసి, హెపటైటిస్ బి ఉంది, దానివల్ల లివర్ సిరోసిస్ అయింది అన్నారు. నేను సారా చుక్క ఎరగను. తాగకపోయినా వస్తుందమ్మా, ఈ మాత్ర ఒక్కరోజు కూడా ఆపకూడదు అన్నారు. ఆపలేదు. దాంతోపాటు మావాళ్ళ మాట విని పక్క ఊరి తాత దగ్గర పసరు కూడా తాగాను.

మా వైపు పసరుకు ఒక కట్టు ఉంది. మందిచ్చినవాడే పథ్యం పెట్టాలి, వాడే విడిపించాలి. తాత నాకు చప్పిడి కూడు, మజ్జిగ పెట్టాడు. చేప, గుడ్డు, ఆకుకూర, నూనె వద్దన్నాడు. పసుపు రంగున్నది ఏదీ, అంటే పప్పు, గుమ్మడికాయ, బొప్పాయి, అసలు ముట్టవద్దన్నాడు.

"నాను ఇడమన్నదాకా ఇడవకు. మద్దెలో ఇడిస్తే రోగం తిరగబడతాది" అన్నాడు.

నెల తిరగకుండా తాతే చనిపోయాడు. కొడుక్కి ఆ విద్య రాదు. పోయినవాడి మాట ఎవరు తీస్తారు? అలాగే ఉండిపోయాను. చేపలమ్మేదాన్ని, ఏడాదిన్నర చేప ముక్క నోట పెట్టలేదు. ఆసుపత్రిలో ఈ సంగతి వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

కళ్ళ తర్వాత నాలిక పోయింది. చింతపండు నాకితే మట్టి నాకినట్టుంది. ఉప్పుకల్లు వేసుకున్నా అంతే. జుట్టు పిడికిళ్ళతో ఊడింది. కళ్ళలో ఎప్పుడూ ఇసుక పడ్డట్టే ఉండేది.

మా ఆయన నాలుగేళ్ళ క్రితం సముద్రంలో వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. ఆయన చెల్లెలు నూకాలు నా సంగతి విని ముఖం తిప్పుకుంది.

"రుసి తెలీదంటన్నావు, సందేళ మనిసి కనబడదంటన్నావు. అన్నయ్య నిన్ను పిలస్తన్నాడు వదినా" అంది.

ఆ రోజునుంచి రోజూ సందెకు గుమ్మం బయట ఆయన పేరున కూడు పెట్టేది. రేచీకటి చిన్నపిల్లలకు వస్తుందని నేనూ విన్నాను. నాది అది కాదనుకున్నాను. ఎందుకంటే ఆ చీకట్లో నాకు ఆయన వినిపించేవాడు. పొద్దు కుంగితే కళ్ళముందు నల్లటి నీళ్ళు లేచినట్టయ్యేది, అందులోంచి ఆయన చుట్ట దగ్గు వచ్చేది. గౌరి సందె కాగానే తన పసిదాన్ని నా ఒళ్ళోంచి తీసేసుకునేది. ఈ ముక్క రాయనంటోంది. రాయమన్నాను. దాని తప్పు లేదు.

ఒక సాయంత్రం ఆయన మాట స్పష్టంగా వినబడింది. "ఒసే, రాయే. వల అందుకో."

లేచి వెళ్ళాను. కాళ్ళ కింద ఇసుక తడిగా అయింది. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. అప్పుడు నాకు భయం వెయ్యలేదు. ఇప్పుడు తలుచుకుంటే వేస్తుంది. వెనకనుంచి గౌరి నా జుట్టు పట్టి లాగింది.

"మావ లేడత్తా. నానున్నాను. ఇటొచ్చీ" అంది.

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కంటి డాక్టరు చీకటి గదిలో కూర్చోబెట్టి చూసి, నైట్ బ్లైండ్‌నెస్, అంటే రేచీకటే, ఇంకా ఆలస్యమైతే నల్లగుడ్డు దెబ్బతిని పగటి చూపు కూడా పోయేది అన్నాడు. లివర్ డాక్టరమ్మ రక్తం తీయించింది. విటమిన్ ఎ, డి, జింక్ మూడూ బాగా తక్కువ. అమ్మోనియా కూడా పెరిగింది, మెదడు మబ్బెయ్యడం, లేని మనిషి మాట వినబడడం దానివల్ల కావచ్చు అని ఒక సిరప్ రాసింది.

"విటమిన్ ఎ దాచుకునేది లివరేనమ్మా. మీది దాచలేకపోతోంది, మీరేమో తినడం మానేశారు. జింక్ తగ్గితే రుచి పోతుంది, ఉన్న విటమిన్ కంటికి చేరదు. ఇవన్నీ ఎవరు మానమన్నారు?"

"పసరు తాతమ్మా."

"ఆయన్ని తీసుకురండి, నేను మాట్లాడతాను."

"సచ్చిపోనాడమ్మా."

ఆమె కలం కింద పెట్టింది. నవ్వలేదు.

"అయితే ఆయన బదులు నేను చెబుతున్నాను. ఈ పూటతో పథ్యం విడవండి."

వార్డులో ఉడికిన గుడ్డు ఇచ్చారు. చేతిలో పట్టుకుని పెంకు మెల్లగా ఒలిచాను. తాత ఎక్కడో నిలబడి చూస్తున్నట్టే ఉంది. తిన్నాను. ఏమీ కాలేదు.

విటమిన్ ఎ కొలతగా ఇచ్చారు. మా అబ్బాయి బలానికని బజార్లో ఇంకా కొనుక్కొస్తే డాక్టరమ్మ లాక్కుంది. ఎక్కువైతే అదే లివర్‌ను తింటుందట. పది పదిహేను రోజులకు సందెలో గౌరి ముఖం ఆనింది. జింక్ మాత్రకు కడుపులో తిప్పినా మానలేదు. మెల్లగా నాలిక తిరిగొచ్చింది. రాగానే ఆత్రం కొద్దీ ఎండుచేపలు తిన్నాను. ఆ ఉప్పుకు పొట్టలో నీరు చేరి మళ్ళీ వారం మంచమెక్కాను. నన్నడక్కుండా ఉప్పు ముట్టొద్దని డాక్టరమ్మ తిట్టింది.

ఇప్పుడు తాజా చేప కూర, గుడ్డు, తోటకూర తింటున్నాను. పడుకునేముందు కాస్త ఏదైనా తిని పడుకోమంది, అదీ చేస్తున్నాను. లివర్ జబ్బు పోలేదు, పోదు. హెపటైటిస్ మాత్ర రోజూ వేసుకోవాలి. సందెకు పసిదాన్ని గౌరే తెచ్చి నా ఒళ్ళో పెడుతోంది.

చూపు నిలిచాక ఒక సాయంత్రం గుమ్మంలో కూర్చుని చెవి ఒగ్గాను. సముద్రం ఒక్కటే. ఆయన లేడు. శవం కనబడక నాలుగేళ్ళు ఏడవలేనిది ఆ రోజు ఏడ్చాను.

లివర్ జబ్బున్నవాళ్ళు డాక్టరు దగ్గరికెళ్ళినప్పుడు ఏం తింటున్నారో చెప్పండి, ఏం మానేశారో, ఎవరి మాటమీద మానేశారో కూడా చెప్పండి. వాళ్ళు అడగకపోయినా చెప్పండి. నేను చెప్పలేదు. అందుకు నా కళ్ళు పోబోయాయి.