భివండి పోయే ఆయన

మొన్న సిరిసిల్లలో ఆటో దిగి చూద్దును కదా, మా పాత టాకీసు ముందరి సిమెంటు కమాను ఒక్కటే నిలబడి ఉంది. వెనకంతా నేలమట్టం. ఫంక్షన్ హాలు కడతారట. ఒళ్ళు మండిపోయింది నాకు. కట్టుకోండి నాయనా, పెళ్ళిళ్ళకేం కొరత!

అది మొదట నూలు గోదాము. దాని రేకుల కప్పునే ఎత్తు చేసి, వెనక గోడకు ఆపరేటర్ గది అతికించి టాకీసు అన్నారు. ఆడవాళ్ళకు వేరే తలుపు, మగవాళ్ళ బెంచీలకూ మాకూ మధ్య నడుమెత్తు గోడ. మరమగ్గాలను మేం సాంచాలంటాం. గాలికని పెట్టిన కిటికీల్లోంచి వాటి చప్పుడు ఎంతగా వచ్చేదంటే, హీరో ఏమన్నాడో పక్కవాళ్ళని అడగాల్సిందే. తర్వాత గిరాకీ పడిపోయి సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పుడు ప్రతి మాటా శుభ్రంగా వినబడింది. ఆ సుఖం ఎవరికి కావాలి?

మహారాష్ట్రలోని భివండికి పోయే బస్సు సాయంత్రం టాకీసు ముందు నుంచే బయలుదేరేది. అక్కడి సాంచాల మీద పని వెతుక్కుంటూ పోయేవాళ్ళు మూటలు కాళ్ళ దగ్గర పెట్టుకుని మ్యాట్నీ చూసి ఎక్కేవారు. ఒక రోజు వాళ్ళలో మా చిన్నాయన కూడా ఉన్నాడు. చిన్నమ్మతో పోట్లాడి, చెప్పకుండా వచ్చేశాడు. నేను గోడకు ఇవతల ఉన్నాను.

సంగతి తెలిసి చిన్నమ్మ బీడీల చాట అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. లోపలున్న మనిషిని పిలవాలంటే గాజు పలక మీద పేరు రాసి తెర మీద వేసేవారు. గేటు దగ్గరాయన పేరడిగాడు. మొగుడి పేరు నోటితో చెప్పే ఆడది మా ఇళ్ళల్లో ఎక్కడుంది?

"ఆయనే, భివండి పోయేటాయన," అందట. "బీడీలు జేసి నేనే సాదుత, పోవద్దని చెప్పాలె. జల్ది రాయి తమ్మీ."

అతను విసుక్కుంటూ అదే రాయించాడు. పాట మధ్యలో తెర మీద అక్షరాలు పడ్డాయి: భివండి పోయే ఆయన బయటికి రావలెను, భార్య వచ్చినది.

సగం హాలు లేచి నిలబడింది. ముందు పకపకా నవ్వాం. ఒక్కొక్కరూ మూట చంకన పెట్టుకుని, వచ్చింది తన భార్యే అనుకుని గేటు వైపు నడుస్తుంటే మా నవ్వు ఆగిపోయింది. చిన్నాయన మాత్రం లేవలేదు. "చిన్నాయినా, చిన్నమ్మ అచ్చింది!" అని గోడ మీదుగా అరిచాను. తల తిప్పలేదు. ఆ గుంపులో చిన్నమ్మ వెతుక్కుంటూ ఉండగానే పక్క తలుపులోంచి జారుకుని, మలుపు దగ్గర బస్సెక్కేశాడు.

ఉత్తరాలు వచ్చేవి, మనిషి రాలేదు. వచ్చేసరికి జుట్టంతా నెరిసింది. వాకిట్లో కూర్చుని తలొంచుకుని అన్నాడు: "తెర మీద రాసింది నాకే అని ఎర్కే. నీ మొకం జూస్తె ఇగ బస్సెక్కుతుంటినా?"

చిన్నమ్మ మా అందరి ముందూ ఆయన్ని పేరు పెట్టి తిట్టింది, ఏడుస్తూ. ఆమె నోట ఆ పేరు వినడం అదే మొదలు. గేటు దగ్గర ఎదురుపడి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయే మాటకు ఇద్దరి వయసూ పట్టింది.