మధురపూడి నుంచి గువాహటికి: రెండున్నర గంటల దూరం, ముప్పై గంటల ప్రయాణం

నా చెల్లెలు సునీతకి గొంతులో గడ్డ తీసేయాలని డాక్టర్లు చెప్పిన రోజు ఫోన్‌లో దూరం చూశాను. రాజమండ్రి పక్కనున్న మధురపూడి విమానాశ్రయం నుంచి గువాహటికి గాలిలో సూటిగా దాదాపు పద్నాలుగు వందల కిలోమీటర్లు. నేరుగా విమానం దొరికితే రెండున్నర గంటలు చాలు. నాకు దొరకలేదు. ముందు పడమటికి హైదరాబాద్ వెళ్ళి, అక్కడి నుంచి ఈశాన్యానికి తిరగాలి. అప్పుడు రెండు వేల పైచిలుకు. సునీత భర్త, మా మరిది, రైల్వేలో బదిలీ అయి అక్కడికి వెళ్ళాడు. ఆ ఊళ్ళో వాళ్ళకి మనవాళ్ళంటూ లేరు. "నువ్వొచ్చాకే థియేటర్‌లోకి వెళ్తానక్కా," అంది సునీత. ఆపరేషన్‌కి ముందురోజు బయల్దేరాను.

జనవరి నెల. మా ఊరు సామర్లకోటలో తెల్లవారుజామున ఐదున్నరకి కారెక్కాను. గంటన్నర దారి, కిరాయి రెండు వేలు. రోడ్డు కనబడనంత మంచు.

"విమానం దిగుతుందంటారా?" అని డ్రైవర్‌ని అడిగాను.

"ఎండెక్కితేగానీ దిగదండి. మొన్న ఒకాయన్ని పొద్దున్నే దింపానండి, మధ్యాహ్నం దాకా ఇక్కడే ఉన్నారండి."

ఆయన మాటే నిజమైంది. ఎనిమిదిన్నరకి లేవాల్సిన విమానం పదకొండున్నరకి లేచింది. హైదరాబాద్‌లో దిగేసరికి పన్నెండూ ముప్పై ఐదు. గువాహటి విమానం పన్నెండూ పదికే వెళ్ళిపోయింది. చవగ్గా వస్తున్నాయని టికెట్లు రెండూ విడివిడిగా కొన్నాను కాబట్టి తర్వాతి విమానంలో సీటివ్వమని ఎవరినీ అడగడానికి లేదు. "రేపు ఉదయం ఏడింటికి సీటుందండి," అంది కౌంటర్‌లో అమ్మాయి.

బ్యాగు పక్కన పెట్టుకుని, అక్కడే నిలబడి సునీతకి ఫోన్ చేశాను.

"అయితే ఇంకో రోజు ఆగుదామని డాక్టరుగారికి చెప్తా," అంది.

"వద్దు. మళ్ళీ ఎప్పటికి తేదీ ఇస్తారో. ప్రార్థన చేసుకుని వెళ్ళిపో."

"భయంగా ఉందక్కా."

"నాకూ భయంగానే ఉంది. అయినా వెళ్ళు."

శంషాబాద్‌లో ఒక లాడ్జిలో పడుకున్నాను గానీ నిద్రపట్టలేదు. మర్నాడు విమానం రెండూ ముప్పావు గంటల్లో దింపింది. ట్యాక్సీలో ఆసుపత్రికి చేరేసరికి పదకొండు. మరిది గుమ్మంలోనే ఎదురొచ్చి, "అయిపోయిందండి వదినగారూ. ప్రమాదం లేని గడ్డేనంటున్నారు. చివరి రిపోర్టు రావాలి," అని ముఖం తుడుచుకున్నాడు. మెడకి కట్టుతో సునీత మగతగా పడుకుని ఉంది. మాట్లాడకూడదన్నారు. నా చెయ్యి పట్టుకుంది. మూడు రోజుల తర్వాత వచ్చిన రిపోర్టూ అదే చెప్పింది.

ఆ రోజు మంచం పక్క కుర్చీలో కూలబడ్డాక నా కాళ్ళు ఎంత వాచాయో చూసుకున్నాను. సునీత థియేటర్‌లోకి వెళ్ళేటప్పుడు నేను పక్కన లేనన్న బాధ ఇప్పటికీ పోలేదు. వెళ్ళమని చెప్పినందుకు మాత్రం విచారం లేదు. చలికాలంలో ఇటు నుంచి దూరం వెళ్ళేవాళ్ళు రెండు విమానాలకీ కలిపి ఒకే టికెట్ తీసుకోండి. అవతల మీ కోసం ఎవరైనా కాచుకుని ఉంటే, ఒక రోజు ముందే బయల్దేరండి.