చేపల తొట్టెకు ఫిల్టర్ కొన్న రోజు

నేను పెళ్లి చేసుకుని బళ్లారి జిల్లా సిరుగుప్పకు వచ్చేనాటికే ఆ ఇంటి హాల్లో ఒక చేపల తొట్టె ఉంది. అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు. వాటిని కొన్నది నా భర్త మొదటి భార్య. ఆమె జబ్బు చేసి పోయింది. వాళ్ల పాప అప్పుడు ఐదో తరగతి చదువుతోంది. మాది బళ్లారి కౌల్ బజార్‌లో బట్టల వ్యాపారం చేసే కుటుంబం. నలభై దగ్గరపడుతుండగా నాకు కుదిరిన సంబంధం అది. మా ఆయన వాళ్లేమో తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పండించుకుంటున్నవాళ్లు.

పాప నాతో పేచీ పెట్టేది కాదు. పెట్టింది తినేది, జడ వేస్తానంటే వచ్చి కూర్చునేది. తనంతట తాను మాత్రం నాతో మాట కలిపేది కాదు. బడి నుంచి రాగానే సంచి పక్కన పడేసి తొట్టె ముందు చతికిలబడి, చేపలకు ఆ రోజు జరిగినవన్నీ చెప్పేది. సగం కన్నడం, సగం తెలుగు. నేను వంటింట్లో నుంచి వింటూ, గిన్నెల చప్పుడు కాకుండా చూసుకునేదాన్ని.

తొట్టెలో ఒక మూల నీళ్లలో మునిగి ఉండే ఫిల్టర్ ఒకటి ఉండేది. దాని చిన్న మోటారు నీళ్లను లోపలికి లాగి, స్పాంజి గుండా పంపి, పైనుంచి ధారగా వదిలేది.

ఒక ఆదివారం, నాట్ల కాలం. మా ఆయన పొద్దున్నే హచ్చొళ్ళి దగ్గరున్న పొలానికి వెళ్లారు. నేను మిద్దె మీద బట్టలు ఆరేసి దిగి వచ్చేసరికి తొట్టెలో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉన్నాయి. పైన నురగ తేలుతోంది. చేపలు రెండూ పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. పాప ఫిల్టర్ చేతిలో పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“స్పాంజి నల్లగుండె. గిన్నెల సబ్బుతో కడిగినా,” అంది. “మోటరు గూడ కడిగినా. మళ్లీ పెడితే అది తిరగతా లేదు.”

మా ఊళ్లో కొళాయి నీళ్లు రోజూ రావు, అందుకని డ్రమ్ములో పట్టి ఉంచుతాం. ఆ నిలవ నీళ్లు బకెట్‌లోకి తోడి, బియ్యం కడిగే జల్లెడతో చేపలను అందులోకి మార్చాను. తెల్ల తోక చేప అప్పటికే పక్కకు ఒరిగిపోయింది. కాసేపటికి చచ్చిపోయింది. రెండోది అడుగున మొప్పలు ఆడిస్తూ ఉంది.

ఆయనకు ఫోన్ చేస్తే, పోతే పోయాయి, కొత్తవి కొందాం, పాపను మాత్రం ఏడవనివ్వకు అన్నారు. పాప ఏడవలేదు. నాకు భయం వేసింది కూడా అందుకే. చచ్చిన చేపను కాగితంలో చుట్టుకుని వెళ్లి, జామచెట్టు కింద చెంచాతో గుంట తవ్వి పూడ్చి వచ్చింది. వచ్చి మళ్లీ గోడ దగ్గరే నిలబడింది. బళ్లారికి పోయి ఫిల్టర్ తెద్దాం, చెప్పులు వేసుకో అన్నాను. వేసుకుంది.

బస్సెక్కి బళ్లారిలో దిగాం. కౌల్ బజార్‌లో ఆటోల మధ్య రోడ్డు దాటుతున్నప్పుడు చెయ్యి పట్టుకున్నాను. దాటాక కూడా తను విడిపించుకోలేదు.

చేపల కొట్టు ఆయన మొదట గొట్టాలున్న పెద్ద డబ్బా ఫిల్టర్ చూపించాడు. తర్వాత తొట్టె అంచుకు తగిలించి, నీళ్లు జలపాతంలా దూకించేది చూపించాడు. నేను కొట్లో పుట్టి పెరిగినదాన్ని. అమ్మేవాణ్ని ఏమి అడగాలో తెలుసు.

“మీ తొట్లల్లో మీరేది పెట్టుకోనుండారప్పా?” అన్నాను.

ఆయన నవ్వి, గోడ పొడుగునా ఉన్న తన తొట్లను చూపించాడు. ప్రతి దాంట్లో ఒక మామూలు స్పాంజి, దానికి సన్నని గొట్టం, ఆ గొట్టం చివర గాలి కొట్టే పంపు. బుడగలు పైకి పోతూ నీళ్లను స్పాంజి గుండా లాగుతాయట. జోరు ధార ఉండదు కాబట్టి చేప అలసిపోదట. పంపును నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టమన్నాడు. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి పంపు పాడవుతుందట. మా ఊళ్లో కరెంటు సంగతి తెలిసిందే కనుక చార్జింగ్ బ్యాటరీ ఉన్న పంపు తీసుకున్నాను.

స్పాంజి నల్లగా ఎందుకవుతుందని పాప కన్నడంలో అడిగింది. అది ఉత్త మురికి కాదని, కంటికి కనిపించని జీవాలు అందులో కాపురముండి చేపల విసర్జనను తినేస్తాయని ఆయన చెప్పాడు. సబ్బుతో గానీ కొళాయి నీళ్లతో గానీ కడిగితే అవి చచ్చిపోతాయట. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే ఊరికే పిండాలట. పాప తల వంచేసుకుంది. ఆయన పాప వైపు చూశాడు.

“అందరూ అట్లే కడుగుతారు బేటీ. మొదట్లో నేను గూడ కడిగినా,” అన్నాడు. తన తొట్టెలోని నల్లటి స్పాంజి ముక్క ఒకటి కోసి, నీళ్లతో సహా కవర్‌లో కట్టి ఇచ్చాడు. కొత్త స్పాంజి పక్కన పెడితే ఆ జీవాలు దీంట్లోకి పాకుతాయట.

తిరుగు బస్సులో పాప ఆ కవర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాలువ పొలాలు మొదలయ్యాక, కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

“అమ్మకు తెలిస్తే ఏమంటాది?”

“మీయమ్మను నేను చూడనే లేదు కదమ్మా. ఎట్లుండేదో నువ్వే చెప్పల్ల.”

అప్పుడు వచ్చింది ఏడుపు. నా భుజం తడిసిపోయింది. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసి, మళ్లీ అటు తిరిగిపోయింది. ఏడ్చి ఏడ్చి ఆగాక చెప్పడం మొదలుపెట్టింది. అమ్మకు బల్లులంటే భయం. చింతపండు ఉప్పు అద్దుకుని తినేది, నాన్నకు చెప్పొద్దనేది. పాప పాలు తాగనంటే చేపలా బుగ్గలు లోపలికి లాక్కుని నోరు ఆడించేది. అలాగే తనూ చేసి చూపించింది. నాకు నవ్వొచ్చేసింది. పాప ఉలిక్కిపడి నా వైపు చూసి, ఇంకోసారి చేసింది. మేము దిగే చోటు వచ్చినా ఆ కబుర్లు తెమలలేదు.

ఇంటికొచ్చి తొట్టెను వట్టి నీళ్లతో పదే పదే కడిగి, డ్రమ్ము నీళ్లు నింపాం. కొత్త స్పాంజి పక్కనే నల్ల ముక్కను ఉంచి, పంపును కిటికీ గట్టు మీద పెట్టాం. అది గట్టు మీద గరగరమని మోగుతుంటే పాప తన చేతిరుమాలు మడిచి కింద పెట్టింది. చేపను వదిలాక అది కాసేపు బుడగలకు భయపడి మూలన ఉండి, తర్వాత మెల్లగా తిరగసాగింది. బురద కాళ్లతో పొలం నుంచి వచ్చిన ఆయన గుమ్మంలోనే ఆగిపోయి, నేల మీద కూర్చున్న మా ఇద్దర్నీ చూస్తూ ఉండిపోయారు.

కొన్ని వారాలు మేత తగ్గించి, కొంచెం కొంచెంగా నీళ్లు మారుస్తూ వచ్చాం. ఆ చేప బతికింది. దసరా సెలవుల్లో దానికి తోడు తేవడానికి మళ్లీ అదే కొట్టుకు వెళ్లాం. ఏది కావాలో చూసుకోమన్నాను.

“నువ్వే చూడు చిన్నమ్మా,” అంది.

నేను నల్లగా, కళ్లు బయటికి పొడుచుకొచ్చినది ఒకటి చూపించాను. దీని కండ్లేంది ఇట్లుండాయని పాప నవ్వింది. అయినా దాన్నే కట్టించుకుంది. ఇంటికి రాగానే, వాళ్ల నాన్న ఉత్సాహంగా కవర్ విప్పి తొట్టెలోకి వంచబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. ముందు కవర్‌ను అలాగే నీళ్ల మీద తేలనివ్వాలని, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే చలువకు వచ్చాకే చేపను వదలాలని ఆయనకు ఓపిగ్గా చెప్పింది. ఆయన బుద్ధిగా పక్కన కూర్చుని ఎదురుచూశారు.