రాజీ కాదు, రాజీ

వండూర్ నుంచి వస్తున్న జీపు మా దీవిలోని చౌల్దారీ ఊరి మలుపులో నన్ను గుద్దాక, నా కుడి మోకాలు వంగడం మానేసింది. బట్టలు కుట్టి బతికేదాన్ని. పరిహారం వస్తే చెన్నైలో ఆపరేషను చేయించుకుని మళ్ళీ మిషను తొక్కాలని నా ఆశ. కేసు వేసింది అందుకే.

మొదటి వకీలు పెద్దాయన, హిందీ మనిషి. మర్యాదస్తుడే, కానీ కేసు వేసిన చోటే ఉంది. ఎప్పుడడిగినా "తారీఖ్ పడీ హై, దీదీ" అని వాయిదా మాటే చెప్పేవాడు. నాకా, ముక్కు మీదే కోపం. వకీల్ని మార్చేద్దామన్నాను.

"మధ్యలో మారిస్తే కేసు పాడైపోదా?" అన్నాడు మా ఆయన.

"ఇప్పుడేం బాగుందనీ, పాడవడానికి?"

కొత్త లాయరమ్మ ఈ దీవుల్లోనే పుట్టిన తెలుగు పిల్ల. తెలుగు చదవడం రాదు గానీ గలగలా మాట్లాడుతుంది. పాతాయన అభ్యంతరం లేదని సంతకం పెడితే చాలని చెప్పి, నన్ను ఆయన ఆఫీసుకే తీసుకెళ్ళింది.

ఆయన పెన్ను తీస్తూ నొచ్చుకున్నాడు. "మెడికల్ బోర్డ్‌కే లియే ఫోన్ పే పూఛా థా, దీదీ. రాజీ హో క్యా? ఆప్ నే మనా కర్ దియా."

మెడికల్ బోర్డు కోసం ఫోనులో అడిగితే నేనే కాదన్నానట! నా కాలు ఎంత పాడైందో రాసిచ్చేది ఆ బోర్డు డాక్టర్లే. ఆ కాగితం లేకే కేసు ఆగింది. ఆ ఫోను నాకు బాగా గుర్తుంది. ముందురోజే జీపు యజమాని మనిషి ఇంటికొచ్చి, రాజీ చేసుకోమని నా ప్రాణం తోడేశాడు. మర్నాడు సరిగ్గా వినపడని ఫోనులో వకీలు నోట కూడా 'రాజీ' అన్న ముక్కే చెవిన పడింది. ఈయన కూడా వాళ్ళతో కలిసిపోయాడనుకుని "నహీ!" అని అరిచి పెట్టేశాను. పుట్టినప్పటినుంచీ హిందీ మాట్లాడుతున్నా, కోపమొస్తే నా చెవులు తెలుగువైపోతాయి.

ఆ సంగతి చెబితే లాయరమ్మ పకపకా నవ్వింది. "అమ్మా, ఆయనడిగింది ఒప్పుకుంటారా అని. మన రాజీ కాదు!" ఆయనకీ విడమర్చి చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"గల్తీ మేరీ భీ హై. దూసరీ బార్ పూఛ్నా థా," అని, మళ్ళీ ఒకసారి అడగనందుకు తప్పు తన మీదా వేసుకున్నాడు. తర్వాత మెల్లగా, ఇంకా వకీల్ని మార్చాల్సిందేనా అన్నట్టు, "అబ్ భీ బదల్నా హై?"

జాలేసింది. కానీ ఇన్నాళ్ళూ నేనెందుకు కాదన్నానో ఈయన అడగలేదు, కేసెందుకు ఆగిందో నేనూ నిలదీయలేదు. మా ఇద్దరికీ పొసగదు. "హాఁ, భయ్యా," అన్నాను. సంతకం పెట్టి, ఫైలు తనే లాయరమ్మ చేతికిచ్చాడు.

నెల తిరక్కుండానే బోర్డు ముందుకు వెళ్ళాను. డాక్టరు మోకాలు పట్టుకుని, వంచితే నొప్పి పుడుతుందని హిందీలో హెచ్చరించి, "రాజీ?" అన్నాడు.

"రాజీ!" అన్నాను. వరండాలో ఉన్న మా ఆయనకి కూడా వినపడిందట.

కాగితం చేతికొచ్చింది, కేసు కదిలింది. తీర్పింకా రాలేదు. అయినా కాగితం అందిన సాయంత్రమే ఇంటికొచ్చి, మిషను మీద కప్పి ఉంచిన పాత చీర తీసేసి, నూనె వేశాను.